అన్‌డూ లేని పేజీ

"నువ్వు బొమ్మలు వేస్తావా?" అని ఎవరైనా అడిగితే మొన్నమొన్నటి దాకా నా జవాబు ఒకటే: "ఒకప్పుడు వేసేవాణ్ణి." పంతొమ్మిదేళ్ళవాడు "ఒకప్పుడు" అంటే నవ్వొస్తుంది, నిజమే. కానీ మన క్యాంపస్‌లో ఈ మాట చాలామంది నోట విన్నా. ఒకప్పుడు పాడేదాన్ని. ఒకప్పుడు కథలు రాసేవాణ్ణి. ఒకప్పుడు మృదంగం నేర్చుకున్నా, ఇంటర్‌లో మానేశా. ఒక హాస్టల్ బ్లాక్ మొత్తం రిటైరైన కళాకారులే అన్నమాట.

ఈ వ్యాసం లిండా బ్యారీ అనే అమెరికన్ కామిక్స్ ఆర్టిస్ట్ గురించి. ఆ "ఒకప్పుడు"లోంచి ఆవిడ ఎలా బయటికొచ్చిందో, ఇప్పుడు క్లాసులో పిల్లలకి ఏం నేర్పుతోందో, అది ఎందుకు పనిచేస్తుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మధ్యలో నా గోల కూడా కొంత ఉంటుంది, భరించండి.

బ్యారీ 1956లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టింది, సియాటిల్‌లో పెరిగింది. తండ్రి మాంసం కొట్టులో పనిచేసేవాడు, తల్లి ఆసుపత్రిలో శుభ్రం చేసే పని. తల్లి వైపు వాళ్ళది ఫిలిప్పీన్స్. ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీలో చదివేటప్పుడు మ్యాట్ గ్రేనింగ్ ఆవిడ కాలేజీమేట్. తర్వాత 'ద సింప్సన్స్' సృష్టించింది ఆయనే. ఆవిడ బొమ్మల్ని కాలేజీ పత్రికలో వేసింది కూడా ఆయనే. (మన క్లబ్ ఎడిటర్లు గమనించగలరు.) 1979 నుంచి 'ఎర్నీ పూక్స్ కామిక్' అనే వారం వారం స్ట్రిప్ గీసింది. దాదాపు ముప్పై ఏళ్ళు, 2008 దాకా. పిల్లల కళ్ళతో చెప్పిన కథలు. గీతలు వంకరగా, అక్షరాలు కిక్కిరిసి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు "ఇదేంటి, ఇది నేనూ గీయగలనే" అనుకున్నా. అలా అనిపించడమే ఆవిడకి కావాలని తర్వాత తెలిసింది.

ఇంత గీసినావిడకి కూడా ఒక దశలో చెయ్యి ఆగిపోయింది. 'వాట్ ఇట్ ఈజ్' అనే పుస్తకంలో (2008) ఆ సంగతి కామిక్‌గానే గీసింది. చిన్నప్పుడు గీత లాగుతూ ఉంటే ఆ గీతే ఆవిణ్ణి ఎటో తీసుకెళ్ళేది. ఎటు అని అడగాలన్న ఆలోచన కూడా ఉండేది కాదు. పెద్దయ్యే కొద్దీ రెండు ప్రశ్నలు వచ్చి తిష్ట వేశాయి. ఇది బాగుందా? ఇది చెత్తగా ఉందా? బాగుందని ఎవరో మెచ్చుకున్న రోజున మొదటి ప్రశ్న పుడుతుంది, ఎవరో నవ్విన రోజున రెండోది. ఆ తర్వాత ప్రతి గీతకీ ఆ రెండింటి దగ్గర వీసా తెచ్చుకోవాలి. చివరికి ఆవిడకి దొరికిన జవాబు "బాగుంది" కాదు, "తెలీదు". తెలియకపోవడాన్ని కాసేపు ఓర్చుకుంటే చాలు, గీత మళ్ళీ కదులుతుంది.

సీఎస్ఈ భాషలో చెప్పాలంటే ఇది మెయిన్ ఫంక్షన్ రాయకముందే ఫైనల్ టెస్ట్ కేసులన్నీ రన్ చేయడం లాంటిది. అన్నీ ఫెయిలే వస్తాయి. (టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ బ్యాచ్ గొడవకి రాకండి, పోలిక ఎక్కడో ఒక చోట తెగుతుందని నాకూ తెలుసు.)

నన్ను బాగా పట్టేసిన విషయం ఇంకొకటి. 'క్రడ్డీ' అనే నవలని బ్యారీ ఏళ్ళ తరబడి కంప్యూటర్ మీద రాస్తూ కూర్చుంది, అవలేదు. వాక్యం టైప్ చేయడం, నచ్చక డిలీట్ చేయడం, మళ్ళీ టైప్ చేయడం. చివరికి కీబోర్డ్ పక్కన పెట్టి, బ్రష్ సిరాలో ముంచి, నవల మొత్తం చేత్తో రాసింది. నవల! అక్షరం అక్షరం బ్రష్షుతో! అప్పుడు పూర్తయింది.

వినడానికి ఇది పిచ్చి పనిలాగే ఉంది. కానీ లోపల ఏం జరిగిందో చూడండి. కీబోర్డ్ మీద రాయడమెంత తేలికో చెరపడమూ అంతే తేలిక. రాసే చెయ్యి, తీర్పు చెప్పే చెయ్యి ఒకటే. బ్రష్షుతో అయితే ఒక్క "అ" రాయడానికే రెండు మూడు సెకన్లు. ఆ రెండు సెకన్లలో మనసుకి వేరే పని లేదు, తర్వాతి మాట కోసం ఎదురుచూడటం తప్ప. పైగా నచ్చని వాక్యం కూడా కాగితం మీదే ఉంటుంది. వారం తర్వాత చూస్తే అదే సరైన వాక్యం కావచ్చు. డిలీట్ కొట్టి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక్కడ నా కేసు. ఫస్ట్ ఇయర్‌లో ఇంట్లో పోరి డ్రాయింగ్ టాబ్లెట్ కొనిపించుకున్నా. రెండు వేళ్ళతో తడితే అన్‌డూ. ఒక ముక్కు గీయడానికి నలభై సార్లు అన్‌డూ కొట్టిన రాత్రి ఉంది. తెల్లారి చూస్తే స్క్రీన్ మీద ఒక ముక్కు, అది కూడా నచ్చలేదు. ఆ టాబ్లెట్‌లో ఇప్పుడు డీబీఎంఎస్ నోట్స్ పీడీఎఫ్‌లు చదువుకుంటున్నా.

బ్యారీకి బ్రష్ చేతికొచ్చాక వచ్చిన ఒక పుస్తకం 'వన్! హండ్రెడ్! డీమన్స్!' (2002). జపాన్ పాత చిత్రకళలో ఒక సంప్రదాయం ఉంది. పొడుగాటి కాగితపు చుట్ట మీద వంద దెయ్యాలు వరసగా ఊరేగుతున్నట్టు గీస్తారు. ఆవిడ ఆ ఊరేగింపుని తన మీదే ప్రయోగించుకుంది. నన్ను వెంటాడే దెయ్యాలేవి? సిరా గంధం తీసినట్టు రాతి మీద అరగదీసి, బ్రష్ ముంచి, ఒక్కొక్కటే బయటికి లాగింది. వాటిలో నిజం దెయ్యం ఒకటుంది: ఫిలిప్పీన్స్ కథల్లో వచ్చే అస్వాంగ్. మిగతావి పేలు, డాన్స్ చేయడం మానేసిన రోజు, మొదటి ఉద్యోగం, ఒక్కో ఇంటికి ఒక్కో వాసన ఉండటం, వీధిలో చీకటి పడే దాకా ఆడిన బంతాట. పేజీకి రెండే పెద్ద గడులు. సగం నిజం, సగం కల్పన అని ఆవిడే ఒప్పుకుంటుంది.

ఆ వాసన కథ చదివాక నేను వరసగా మా చుట్టాల ఇళ్ళన్నీ ముక్కుతో గుర్తు చేసుకున్నా. పెద్దత్త ఇల్లు అంటే కర్పూరం, తడి బట్టలు. మా తాతయ్య గది అంటే జండూబామ్, పాత పేపర్లు. ఆ గది ఫోటో ఒక్కటి కూడా నా ఫోన్లో లేదు. కానీ వాసన తలుచుకోగానే కిటికీ ఊచకి వేలాడే కళ్ళజోడు తాడు దాకా కనబడింది. బ్యారీ "ఇమేజ్" అనేది దీన్నే. కాలేజీలో మ్యారిలిన్ ఫ్రాస్కా అనే టీచర్ ఆవిణ్ణి ఇమేజ్ అంటే ఏమిటని అడిగిందట. ఆ ఒక్క ప్రశ్ననే జీవితమంతా పట్టుకుని తిరుగుతోంది బ్యారీ. ఇమేజ్ అంటే బొమ్మ కాదు. బొమ్మలోనో పాటలోనో ఆటబొమ్మలోనో ప్రాణంతో ఉండేది ఏదో ఉంటుందే, అది. చిన్నపిల్లకి తన గుడ్డబొమ్మ వట్టి గుడ్డ కాదు కదా.

దీనికి ఆవిడ చెప్పే ఉదాహరణ మన దేశంలో పుట్టిన డాక్టరు గారిది. వి.ఎస్. రామచంద్రన్, న్యూరాలజీ. చెయ్యి తీసేసిన కొంతమందికి ఆ లేని చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంటుంది, నొప్పి కూడా పెడుతుంది. లేని పిడికిలి గట్టిగా బిగుసుకుని ఉన్నట్టు, విప్పలేకపోతున్నట్టు బాధ. లేని చేతికి మందెక్కడ రాస్తాం? ఆయన 1990లలో ఒక పెట్టె చేశాడు, మధ్యలో అద్దం పెట్టి. ఉన్న చేతిని అద్దం ముందు పెట్టి చూస్తే, ప్రతిబింబం వల్ల లేని చెయ్యి తిరిగొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఉన్న పిడికిలి విప్పితే అద్దంలో లేని పిడికిలి కూడా విచ్చుకుంటుంది. కొందరికి ఆ నొప్పి తగ్గింది. ఖరీదైన మెషిన్ ఏమీ లేదు, ఒక అద్దం. బ్యారీ వాదన ఏమిటంటే కథలూ బొమ్మలూ మనకి చేసే పని కూడా అదే. లోపల బిగుసుకుపోయినదాన్ని విప్పాలంటే ముందు అది కళ్ళకి కనబడాలి. ఇది సైన్స్‌గా ఎంతవరకు నిలుస్తుందో చెప్పే చదువు నాకు లేదు. పోలికగా మాత్రం నన్ను వదల్లేదు.

2012 నుంచి ఆవిడ విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తోంది. 2019లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. క్లాసుకి ఆర్ట్ విద్యార్థులే రానక్కర్లేదు. చిన్నప్పుడు బొమ్మలు మానేసినవాళ్ళంటే ఆవిడకి ఇంకా ఇష్టం. ఎందుకంటే వాళ్ళ గీత మానేసిన వయసు దగ్గరే ఆగి ఉంటుంది, ఇంకా పాడవలేదు. ఒకసారి పీహెచ్‌డీ విద్యార్థులకి నాలుగేళ్ళ పిల్లల్ని జత చేసింది, సహ పరిశోధకులుగా. మన గైడ్లు ఒప్పుకుంటారంటారా?

ఆ క్లాసు పాఠాలు 'సిలబస్' (2014), 'మేకింగ్ కామిక్స్' (2019) అనే పుస్తకాలుగా వచ్చాయి. మొదటిది ఒక సీనియర్ నా చేతిలో పెట్టాడు. పేరు చూసి మిడ్స్ మెటీరియల్ అనుకున్నా. తెరిస్తే రూళ్ళ నోట్‌బుక్ పేజీలు, చేతిరాత, కోతులు, అస్థిపంజరాలు. అందులోంచి నేను నలభై రోజులు చేసింది ఒకటే, రోజువారీ డైరీ. పేజీని గడులుగా విడగొట్టాలి. ఒక దాంట్లో ఈరోజు చేసినవి ఏడు, రెండు నిమిషాల్లో. ఇంకో దాంట్లో చూసినవి ఏడు, ఇంకో రెండు నిమిషాలు. కింద ఒక గడిలో ఎవరో అనగా విన్న మాట, పక్క గడిలో ఒక బొమ్మ, అర నిమిషంలో. అంతే. "నాకు ఈరోజు బాధగా ఉంది" లాంటివి రాయడానికి చోటే లేదు. చేసింది, చూసింది, విన్నది.

మొదటి వారం నా "చూసినవి" గడి సిగ్గుపడేలా ఉంది. ఫోను, ల్యాప్‌టాప్, ఫోను, బోర్డు. ఏడు నిండేవి కావు. రెండో వారానికి నిండక తప్పదని తెలిసి, పగలే వెతుక్కోవడం మొదలైంది. వాచ్‌మన్ తాత హెల్మెట్‌లో మామిడికాయలు మోసుకెళ్ళడం. ల్యాబ్‌లో ఆగిపోయిన గడియారం మీద బల్లి, సరిగ్గా ముల్లులాగే. బస్సులో వెనక సీటు ఆవిడ ఫోన్లో: "వాడికి చెప్పకు. నీకు నేను చెప్పానని కూడా చెప్పకు." ఇవన్నీ ముందు కూడా జరిగే ఉంటాయి. నేనే లేను.

ఇంకో ఎక్సర్‌సైజ్ ఐవన్ బ్రునెట్టి అనే కార్టూనిస్ట్ నుంచి వచ్చింది. ఒకే వస్తువుని ముందు తీరిగ్గా కొన్ని నిమిషాల్లో గీయాలి, తర్వాత ఒక నిమిషంలో, అర నిమిషంలో, చివరికి ఐదు సెకన్లలో. నేను ఆటో గీశా. నిమిషాల బొమ్మలో మీటరు, మడ్‌గార్డు, నంబర్ ప్లేటు అన్నీ ఉన్నాయి, కానీ అది షోరూంలో ఉన్న ఆటో. ఐదు సెకన్ల దాంట్లో ఒక వంపు, రెండు సున్నాలే ఉన్నాయి, కానీ అది పరిగెడుతోంది. బాగుందా అని అడగడానికి ఐదు సెకన్లు చాలవు, అదీ రహస్యం.

ఇక కామిక్ అంటే ఏమిటి? విడి బొమ్మలు వరసగా పెడితే కామిక్ అయిపోదు. రెండు ప్యానెల్స్ మధ్య ఒక తెల్లటి సందు ఉంటుంది, గటర్ అంటారు. మొదటి గడిలో వాడు గ్లాసు ఎత్తాడు, రెండో గడిలో గ్లాసు పగిలి ఉంది. పడటం ఎవరూ గీయలేదు. చదివేవాడు గీసుకున్నాడు, ఆ సందులో. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఈ సంగతంతా 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అని ఒక కామిక్‌గానే రాశాడు. సినిమాలో ప్రొజెక్టర్ చేసే పని ఇక్కడ పాఠకుడి బుర్ర చేస్తుంది. కాబట్టి కామిక్ గీసేవాడికి అసలు సమస్య ఏం గీయాలన్నది కాదు, దేన్ని సందులో వదిలెయ్యాలన్నది.

తెలుగులో గీస్తే ఇంకో సమస్య ఉంది, ఇది ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలు ఎక్కువగా పెద్ద అక్షరాల్లోనే రాస్తారు. అన్నీ ఒకే ఎత్తు, ఇటుకల్లా పేర్చొచ్చు. మనకి గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. "రాష్ట్రం" అని రాసి కింద లైన్లో "స్త్రీ" అని రాసి చూడండి, రెండూ కొట్టుకుంటాయి. పైగా "వెళ్ళిపోతున్నావేంట్రా" అనేది మనకి ఒక్కటే మాట, మధ్యలో విరవలేం. నేను ముందు బుడగ గీసి తర్వాత మాట కుక్కేవాణ్ణి, చివరి అక్షరాలు గోడకి అతుక్కుని ఊపిరాడక చచ్చేవి. ఇప్పుడు ముందు మాట రాసి, దాని చుట్టూ బుడగ కడుతున్నా. ఇంకా మంచి దారి, మాటే తగ్గించడం.

ఇది గీస్తున్నప్పుడే బాపు గారి కార్టూన్లు మళ్ళీ చూశా. చిన్నప్పుడు బొమ్మే చూసేవాణ్ణి. ఇప్పుడు అక్షరాలు చూస్తున్నా. ఆయన అక్షరం కూడా బొమ్మ గీసిన చెయ్యే గీసింది, అదే బ్రష్, అదే ఊపు. అందుకే బుడుగు మాటలూ బుడుగు పిలకా ఒకే మనిషివి అనిపిస్తాయి. ఆ చేతిరాత తర్వాత ఫాంట్ అయింది, ఇప్పుడు పెళ్ళి కార్డుల మీద కూడా ఉంటుంది. ఇంగ్లీషు మీడియం నాకు తెలుగు రాయడమంటే పదో తరగతి పరీక్ష వరకే. కామిక్ కోసం "ఱ" ఎలా తిరుగుతుందో అమ్మని అడిగితే, ఫోన్లో కాసేపు మాటే రాలేదు.

ఈ పాటికి ఎవరో ఒకరు అడుగుతారు: ఇదంతా ఎందుకు, ఏఐకి చెప్తే పది సెకన్లలో గీస్తుంది కదా అని. అడిగి చూశా. ఇంటర్ హాస్టల్ రూమ్, రాత్రి, ఇద్దరు స్నేహితులు అని రాస్తే చాలా అందమైన బొమ్మ ఇచ్చింది. కిటికీలోంచి వెన్నెల, గోడకి గిటారు. మా హాస్టల్‌లో గిటారు! ఆ రూమ్‌లో పదకొండు ఇనప మంచాలు, ఒకటే ఫ్యాను. నేను ఏఐకి వ్యతిరేకం కాదు, నా మినీ ప్రాజెక్ట్ దాని మీదే. కానీ అది గీసింది లోకంలో ఉన్న హాస్టళ్ళన్నిటి సగటు. నాకు కావల్సింది ఒక్క రూమ్.

ఆ రూమ్ ఎందుకు కావాలంటే, డైరీ మొదలెట్టిన ముప్పయ్యో రోజో ఏమో, "చేసినవి" గడిలో చెయ్యి దానంతటదే "నిద్ర నటించా" అని రాసింది. ఆ రోజు మధ్యాహ్నం క్లాసులో చేసిన పనే అది. కానీ రాయగానే వేరే నిద్ర గుర్తొచ్చింది.

ఇంటర్ సెకండ్ ఇయర్‌లో నా పక్క మంచం వాడు కాలేజీ మానేసి వెళ్ళిపోయాడు. వీక్లీ టెస్టుల్లో ర్యాంక్ పడిపోతూ వచ్చింది, సెక్షన్ మార్చారు, తర్వాత మాట్లాడటం తగ్గించాడు. ఒక తెల్లవారుజామున వాళ్ళ నాన్న వచ్చాడు. వెళ్ళే ముందు వాడు నా మంచం దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి రెండుసార్లు పిలిచాడు. నేను మేలుకునే ఉన్నా. కళ్ళు మూసుకునే ఉన్నా. ఎందుకంటే ఏమని చెప్పను, ఏం మాట్లాడాలో తెలీలేదు. భయం కూడా, వాడికి పట్టిందేదో నాకూ అంటుకుంటుందేమోనని.

దీన్ని నాలుగు గడుల్లో గీశా. ఒకటి: స్టడీ అవర్, వరసగా వంచిన తలలు, ఒక్క తల కిటికీ వైపు. రెండు: రాత్రి కుళాయి దగ్గర వాడు, బకెట్, ఉతికిన యూనిఫాం. మూడు: చీకట్లో నా మంచం, దుప్పటి మీద వాడి చెయ్యి. నాలుగు: పొద్దున, చుట్టిన పరుపు, ఖాళీ ఇనప మంచం.

మొదట మూడో గడి లేదు. రెండు తర్వాత సరాసరి నాలుగే. సందులో వదిలేశా, చదివేవాడు గీసుకుంటాడులే అని. పేజీ అలాగే రెండ్రోజులు టేబుల్ మీద ఉంది. కళకి అది బాగానే ఉంది, నిజానికి అలాగే ఇంకా అందంగా ఉంది. కానీ నేను దాక్కోవడానికే ఆ సందు వాడుకున్నానని నాకు తెలుసు. మళ్ళీ కొత్త కాగితం తీసి మూడో గడితో సహా మొత్తం గీశా. అందులో నా బొమ్మకి కళ్ళు తెరిచే పెట్టా. రెండు చుక్కలు. సిరా కాబట్టి మళ్ళీ మూయడానికి లేదు.

ఈ సంచికకి ఇచ్చే ముందు వాణ్ణి అడగాలి కదా. నంబర్ ఉంది, మూడేళ్ళుగా పుట్టినరోజు విషెస్ తప్ప ఏమీ పంపలేదు. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే డిగ్రీ చదువుతున్నాడు. పేజీ ఫోటో తీసి పంపా, కింద ఏమీ రాయలేదు. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు రాత్రి పదకొండు దాటాక వచ్చింది.

"నువ్వు మేలుకునే ఉన్నావని తెలుసులేరా."

ఒక నిమిషం తర్వాత ఇంకోటి.

"వేసుకో. కానీ నా బకెట్‌కి హ్యాండిల్ ఎక్కడిది? విరిగిపోతే తాడు కట్టుకున్నా కదా, నువ్వే ముడేశావు."

అందుకే ఈ సంచికలో కామిక్ రావట్లేదు. రెండో గడి మళ్ళీ గీస్తున్నా. తాడు ముడి గీయడం ముక్కు కంటే కష్టంగా ఉంది.